మాట తప్పకుండా కోత పెట్టగలమా: ఒక రక్షణ బడ్జెట్ కేసు

ఈ కేసు ఒక మధ్యస్థాయి దేశానిది. పేరు, ప్రాంతం, కాలం చెప్పను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, అంకెలను గుండ్రం చేశాను. తీసుకున్న నిర్ణయాలు, వాటి వెనక మా ఆలోచన మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఆర్థిక శాఖ తరఫున నేను ఆ దేశపు రక్షణ బడ్జెట్ సమీక్ష బృందంలో మూడేళ్లకు పైగా పనిచేశాను.

ఇప్పుడు గాలి ఎదురు దిశలో వీస్తోంది. 2025 జూన్‌లో హేగ్‌లో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో నాటో దేశాలు 2035 నాటికి జీడీపీలో 5 శాతం రక్షణకు, దాని అనుబంధ అవసరాలకు ఖర్చు పెడతామని ఒప్పుకున్నాయి. ఇలాంటి సమయంలో కోత గురించి రాయడం ఎందుకని అడగవచ్చు. అప్పులు పెరిగే కొద్దీ ఈ ప్రశ్న మళ్లీ బల్ల మీదికి వస్తుంది. వచ్చినప్పుడు ఎవరికైనా ముందుగా తోచేది మేం మొదట చేసిన తప్పే. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

ఆ దేశం దశాబ్దాలుగా ఒక సైనిక కూటమిలో ఉంది. బ్యాంకులను గట్టెక్కించడానికి ప్రభుత్వం పెద్దఎత్తున అప్పు చేసింది. వడ్డీ భారం పెరిగింది. అన్ని శాఖలకూ కోత పడింది. రక్షణ శాఖ వాటా మూడేళ్లలో పది శాతం. కేబినెట్ తీర్మానంలో ఆ వాక్యం పక్కనే ఇంకో వాక్యం ఉంది: కూటమికి ఇచ్చిన ఏ హామీనీ తగ్గించకూడదు.

ఆ హామీలు స్థూలంగా ఇవి. ముప్పై రోజుల్లో కదలగల ఒక పదాతి బ్రిగేడ్ (కొన్ని వేల మంది సైనికుల దళం). కూటమి గగనతల కాపలాలో ఏటా ఒకసారి వంతు డ్యూటీ. ఉమ్మడి నౌకాదళంలో సముద్రపు మైన్లను (నీటిలో పెట్టే పేలుడు పరికరాలను) ఏరే రెండు ఓడలు. ఉమ్మడి నిధికి చందా, ప్రధాన కార్యాలయాల్లో కొంతమంది అధికారులు. వీటితో పాటు, యుద్ధమే వస్తే మిత్రదేశాల సేనలు దిగడానికి రేవు, రైలు మార్గం, ఇంధన నిల్వలు సిద్ధంగా ఉంచడం. ఈ చివరిది జాబితాలో అడుగున, చిన్న అక్షరాల్లో ఉండేది. దాని సంగతి తర్వాత.

సమస్య ఎక్కడుంది

పది శాతం వినడానికి చిన్నగానే ఉంటుంది. లెక్క విప్పి చూస్తే అలా ఉండదు. మొత్తం బడ్జెట్‌ను నూరు భాగాలు అనుకుంటే, జీతాలు, పింఛన్లకే దాదాపు 58 పోయేవి. ఇప్పటికే సంతకాలైన కొనుగోళ్ల వాయిదాలకు 20. మిగిలిన 22 భాగాల్లోనే ఇంధనం, విడిభాగాలు, మందుగుండు, శిక్షణ, భవనాల మరమ్మతు అన్నీ ఉన్నాయి. జీతం ఆపలేం. సంతకం చేసిన ఒప్పందాన్ని జరిమానా లేకుండా రద్దు చేయలేం. కాబట్టి ఈ ఏడాదే పది భాగాలు కావాలంటే చెయ్యి వెళ్లేది ఆ 22 మీదికే. అంటే దాదాపు సగం.

ఆ 22 భాగాలే సైన్యాన్ని నడిపించేవి. ట్యాంకు ఉంటుంది, నడపడానికి డీజిల్ ఉండదు. పైలట్ ఉంటాడు, ఎగిరే గంటలు ఉండవు. పైన పటారం లోన లొటారం అంటామే, రక్షణ బడ్జెట్‌లో అది మొదలయ్యేది ఇక్కడే. బయటివాళ్లకు చాలాకాలం కనిపించదు కూడా. పరేడ్‌లో అన్నీ ఉంటాయి.

మొదట చేసినవి

మొదటి ఏడాది అందరికీ సమానంగా కోత పెట్టాం. పదాతి దళం, నౌకాదళం, వైమానిక దళం, ప్రధాన కార్యాలయం, ఎవరికీ మినహాయింపు లేదు. ఆ ఫైలు మీద నా సంతకం కూడా ఉంది. అప్పట్లో నా వాదన ఇది: మూడు దళాల మధ్య దీర్ఘకాలపు పోటీ ఉంది, ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అంటే ఏడాదంతా తగవులతోనే గడిచిపోతుంది, సమాన కోత అయితే న్యాయంగా కనిపిస్తుంది, త్వరగా తేలుతుంది. త్వరగా తేలిన మాట నిజమే.

ఇలాంటి కోత ఏం చేస్తుందో తెలియడానికి ముందే ఉదాహరణ ఉంది. అమెరికాలో 2011 నాటి బడ్జెట్ నియంత్రణ చట్టం ప్రకారం 2013లో ఆటోమేటిక్ కోతలు అమల్లోకి వచ్చాయి. సైనికుల జీతాలకు మినహాయింపు ఇచ్చారు. దాంతో భారమంతా శిక్షణ, మరమ్మతుల మీద పడింది. వైమానిక దళం కొన్ని యుద్ధ విమాన స్క్వాడ్రన్లను నెలల తరబడి ఎగరనివ్వకుండా నిలిపేయాల్సి వచ్చింది. మేం ఆ కథ చదివాం. మా దగ్గర కోత చిన్నది కదా, అంత దూరం రాదులే అనుకున్నాం.

వచ్చింది. కూటమి విన్యాసాలకు మా బ్రిగేడ్ సమయానికే చేరింది. ఎలా చేరిందో తర్వాత ఒక లాజిస్టిక్స్ అధికారి నాకు కూర్చోబెట్టి చెప్పారు. మిగతా రెండు బ్రిగేడ్ల నుంచి వాహనాలు తెచ్చారు. వాటికి సరిపడా విడిభాగాల కోసం ఇంకొన్ని వాహనాలను విప్పేశారు. "సార్, ఒక్క బ్రిగేడ్‌ను పంపడానికి రెండు బ్రిగేడ్లను కూర్చోబెట్టాం. ఇది ఒక్కసారికే సాధ్యం" అన్నారు. వైమానిక దళంలో పైలట్ల గంటలు తగ్గి, కొందరిని రాత్రి కాపలా నుంచి తప్పించాల్సి వచ్చింది. మిగిలినవాళ్ల మీద డ్యూటీల భారం పెరిగింది. ఆ టెన్షన్ భరించలేక అనుభవమున్న మెకానిక్కులు ప్రైవేటు విమానయాన సంస్థలకు వెళ్లిపోయారు.

రెండో ప్రయత్నం కొనుగోళ్ల వాయిదా. హెలికాప్టర్ల ఒప్పందాన్ని రెండేళ్లు వెనక్కి నెట్టాం. కాగితం మీద మంచి ఆదా. కానీ కొత్తవి రాకపోతే పాతవి ఎగరాలి. వాటికి పెద్ద ఓవర్‌హాల్ కావాలి. దానికి తోడు తయారీదారు జాప్యపు పరిహారం అడిగాడు, ధర సవరించాడు. అన్నీ కలిపితే ఆదాలో ఎక్కువ భాగం అక్కడే కరిగిపోయింది. వాయిదాను పొదుపుగా రాసుకోవడం లెక్కల పుస్తకంలో కుదురుతుంది. ఖర్చు మాత్రం ఎక్కడికీ పోదు, పెరిగి ఎదురుగా వస్తుంది.

మూడోది నియామకాల నిలిపివేత. దీని గురించి ఎక్కువ చెప్పను. వెళ్లేవాళ్లు మనం కోరుకున్న చోటు నుంచి వెళ్లరు. కార్యాలయాల్లో మనుషులు మిగిలారు, రాడార్ స్టేషన్లలో టెక్నీషియన్లు కరువయ్యారు.

మలుపు: హామీల నుంచి లెక్క

రెండో ఏడాది మొదట్లో పని ఆపి, అప్పటిదాకా అడగని ప్రశ్న అడిగాం. "ఏ పద్దులో ఎంత తగ్గించాలి?" అన్నదాన్ని పక్కన పెట్టి, "మనం అసలు ఎవరికి ఏం మాట ఇచ్చాం? ఒక్కో మాటకు ఎంత ఖర్చవుతుంది?" అని మొదలుపెట్టాం.

మూడు రకాల మాటలు బయటపడ్డాయి. మొదటిది ఒప్పందంలో రాసినవి. ఇవి అనుకున్నదానికన్నా తక్కువ. సైనిక ఒప్పందాలు సాధారణంగా కొంత వెసులుబాటు ఉంచే రాస్తారు. ప్రసిద్ధమైన నాటో ఐదో అధికరణనే చూడండి: ఒకరి మీద దాడి అందరి మీద దాడి అంటూనే, ఎవరు ఏ సాయం చేయాలన్నది ఆ దేశం అవసరమని భావించిన చర్యకు వదిలేస్తుంది. రెండో రకం, కూటమి ప్రణాళికా విభాగంతో కూర్చుని ఒప్పుకున్న లక్ష్యాలు. బ్రిగేడ్, ఓడలు, సంసిద్ధత గడువులు ఇక్కడివే. అసలు బరువు వీటిదే. మూడో రకం అలవాట్లు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు, కానీ సైన్యంలో అందరూ "కూటమి కోసం" అని నమ్మేవి. మూడు పూర్తి బ్రిగేడ్ ప్రధాన కార్యాలయాలు ఉండటం అలాంటిదే. సొంత ట్యాంకు బెటాలియన్ (బ్రిగేడ్ కన్నా చిన్నదైన, కొన్ని వందల మంది దళం) కూడా.

ఇక్కడ బృందంలో గట్టి వాదన జరిగింది. మూడో రకాన్ని కోసేద్దామన్నాను. సైన్యాధిపతి ఒప్పుకోలేదు. ఆయన చెప్పింది సరైనదే. ఒక బ్రిగేడ్ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలంటే వెనక ఇంకో రెండు ఉండాలి. ఒకటి కాపలాలో, ఒకటి శిక్షణలో, ఒకటి విశ్రాంతిలో, మరమ్మతుల్లో. కూటమికి లెక్క ఒక్కటే అయినా ఇంట్లో మూడు కావాలి. ఇది తెలియని ఆర్థిక శాఖవాళ్లు "ఒకటి చాలు" అని రాసేస్తారు. నేనూ అదే రాయబోయాను. ఆయన పట్టుబట్టబట్టి ఆగాను.

అయితే ఆయన వాదనలోనే దారి కూడా దొరికింది. వంతులు మారాల్సింది బ్రిగేడ్లేనా, బెటాలియన్లు సరిపోవా? ప్రధాన కార్యాలయం, సిగ్నల్స్, ఇంజనీర్లు స్థిరంగా ఒక్కచోటే ఉండి, కింద బెటాలియన్లు మారుతూ ఉంటే మూడు ప్రధాన కార్యాలయాలు, మూడు డిపోలు అక్కర్లేదు. వారం రోజులు వేరువేరు షెడ్యూళ్లతో సరిచూశాం. ఒక బ్రిగేడ్ పూర్తి బలంతో, రెండోది రిజర్వు సైనికులతో కలిపి తక్కువ బలంతో. మూడోదాని ప్రధాన కార్యాలయం, డిపోలు మూసేసి బెటాలియన్లను మొదటి రెండింటికీ పంచేయడం. కుదిరింది.

మిత్రులను అడగడం

అసలు కష్టం తర్వాత వచ్చింది. కోత పెట్టబోయే ముందే మిత్రదేశాలకు చెప్పాలని నా వాదన. "అడిగితే బలహీనత బయటపడుతుంది, ఉన్న పరపతి పోతుంది" అని విదేశాంగ శాఖ వెనకాడింది. ఈ భయం తీసిపారేసేది కాదు. చెప్పకుండా చేస్తే ఏమవుతుందో మాత్రం చూడాలి. బ్రిటన్ 2010లో నిమ్రాడ్ సముద్ర గస్తీ విమానాల కార్యక్రమాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత తన తీరం దగ్గర అనుమానాస్పద జలాంతర్గామి కోసం వెతకడానికి మిత్రదేశాల గస్తీ విమానాలను పిలవాల్సి వచ్చింది. 2015లో తొమ్మిది పీ-8 గస్తీ విమానాలు కొంటామని ప్రకటించింది. ఒక దేశం వదిలేసిన పని మాయమైపోదు, పక్కవాళ్ల నెత్తిన పడుతుంది. పడబోతోందని వాళ్లకు ముందే తెలియాలి కదా.

చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. కేబినెట్ నిర్ణయం కాకముందే, రెండు పొరుగు దేశాల దగ్గరికి, కూటమి ప్రణాళికా విభాగం దగ్గరికి నిశ్శబ్దంగా వెళ్లాలి. మూడు ప్రత్యామ్నాయాలు చూపించి, ఏది వదిలితే మీకు ఎక్కువ నష్టం అని అడగాలి. ఏం వదలబోతున్నామో మాత్రం చెప్పకూడదు.

అక్కడ ఒక ప్రణాళికా అధికారి అన్న మాట నేను మరచిపోలేను. "మీ ట్యాంకులు మా లెక్కలో లేవు. మీ రేవు లేకపోతే మా లెక్కే లేదు."

జాబితాలో అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న రేవు, రైలు, ఇంధన నిల్వలు. మొదటి ఏడాది సమాన కోతలో మేం అక్కడి క్రేన్ల మరమ్మతు ఆపేశాం, ఇంధన ట్యాంకుల పైపులైన్ పని వాయిదా వేశాం. ఎవరూ అడ్డుపడలేదు. వాటికి రెజిమెంటు లేదు, జెండా లేదు, వాటి తరఫున మాట్లాడే జనరల్ లేడు. మూడు దళాల్లో ఎవరి పద్దూ కాదు కాబట్టి ఎవరికీ నొప్పి లేదు. మిత్రులకు మాత్రం మా దేశం పక్కన ఉండటంలో ఉన్న ప్రయోజనమంతా అదే. మమ్మల్ని ఆదుకోవాలన్నా వాళ్లు ఆ రేవులోనే దిగాలి. ఆ రోజు హోటల్ గదికి వచ్చి మొదటి ఏడాది పట్టికను మళ్లీ తెరిచి చూశాను. చాలాసేపు నిద్ర పట్టలేదు.

పనిచేసినవి

రేవుకు, ఇంధన డిపోలకు కోత పూర్తిగా తీసేసి, పాత నిధులు తిరిగి ఇచ్చాం. కోత కార్యక్రమంలో ఒక పద్దు పెంచడానికి నా సొంత శాఖను ఒప్పించడం కష్టమైంది. కానీ అదే మాకు బేరంలో బలమైంది. మా గగనతల కాపలా వంతును ఏడాదికి బదులు రెండేళ్లకు ఒకసారి చేయమని అడిగినప్పుడు ఎదురుగా పెట్టడానికి మా దగ్గర ఏదో ఉంది. కూటమి రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఇలాంటి పంపకం కొత్తదేమీ కాదు. యుద్ధ విమానాలు లేని ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాల గగనతలాన్ని 2004 నుంచి మిత్రదేశాలు వంతులవారీగా కాపాడుతున్నాయి. ఆ మూడు దేశాలు స్థావరాలు, ఆతిథ్యం, ఇతర వసతులు సమకూరుస్తాయి.

మైన్లను ఏరే ఓడల విషయంలో బెల్జియం, నెదర్లాండ్స్ పద్ధతిని దగ్గర పెట్టుకున్నాం. ఆ రెండు నౌకాదళాలు 1990ల నుంచి ఉమ్మడి కమాండ్ కింద పనిచేస్తూ, ఒక రకం ఓడల శిక్షణ, నిర్వహణ ఒకరు, ఇంకో రకానివి ఇంకొకరు చూసుకుంటున్నాయి. ఓడ మీద జెండా ఎవరిది వారిదే. మేం పొరుగు దేశంతో అంత దూరం పోలేదు. విడిభాగాల గిడ్డంగి, డ్రైడాక్ (ఓడలను నీటి నుంచి తీసి బాగుచేసే చోటు) వంతు ఉమ్మడి చేసుకున్నాం. రవాణా విమానాలు సొంతంగా కొనాలన్న పాత ప్రతిపాదనను కూడా పక్కన పెట్టాం. హంగరీలోని పాపా స్థావరంలో పన్నెండు దేశాలు కలిసి మూడు సీ-17 విమానాలను ఎగిరే గంటల వాటాల లెక్కన నడుపుతున్నాయి. అలాంటి ఏర్పాటులో మేమూ గంటలు కొనుక్కున్నాం.

స్థావరాల మూసివేత గురించి ఒక్క మాట. దాంట్లో ఆదా నిజం, కానీ ఆలస్యం. మొదటి రెండేళ్లు తరలింపు, పరిహారం, భూమి శుద్ధి కలిపి ఖర్చే పెరుగుతుంది. అందుకే కోతను మొదటి ఏడాది తక్కువ, మూడో ఏడాది ఎక్కువగా ఉండేలా మార్చమని ఆర్థిక శాఖను అడిగాం. ఏటా సమానంగా కావాలని పట్టుబట్టి ఉంటే మళ్లీ ఆ 22 భాగాల మీదే పడేవాళ్లం. వాళ్లు ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

ట్యాంకులు. బెటాలియన్‌ను రద్దు చేసి, ఒక కంపెనీకి (బెటాలియన్‌లో ఒక భాగానికి) సరిపడా సిబ్బందిని పొరుగు దేశపు బెటాలియన్‌లో కలిపాం. ఇక్కడ నెదర్లాండ్స్ అనుభవమే మాకు దారి, అదే హెచ్చరిక కూడా. వాళ్లు 2011లో మిగిలిన ట్యాంకు దళాలను రద్దు చేశారు. వంద ట్యాంకులు ఫిన్లాండ్ కొనుక్కుంది. కొన్నేళ్లకే జర్మనీ నుంచి 18 లెపర్డ్ ట్యాంకులు లీజుకు తీసుకుని, తమ సిబ్బందిని జర్మన్ బెటాలియన్‌లో చేర్చారు. అది చూసి మేం సిబ్బందిని ముందే అలా నిలుపుకున్నాం. తర్వాత 2024లో వాళ్లు సొంత ట్యాంకు బెటాలియన్ మళ్లీ పెడతామని ప్రకటించారు. వదిలేసిన ప్రతి సామర్థ్యానికీ ఒక పేజీ రాశాం: దీన్ని తిరిగి నిలబెట్టాలంటే ఏం కావాలి, ఎన్నేళ్లు పడుతుంది.

ఒక హామీని మాత్రం బహిరంగంగా తగ్గించుకున్నాం. కేబినెట్‌ను దీనికి ఒప్పించడమే అన్నిటికన్నా కష్టమైంది. బ్రిగేడ్‌లో రెండు బెటాలియన్లు ముప్పై రోజుల్లో, మూడోది అరవై రోజుల్లో కదులుతాయని రాసి ఇచ్చాం. నిజానికి మొదటి ఏడాది కోత తర్వాత ఆ మూడో బెటాలియన్ ముప్పై రోజుల్లో కదలగలిగే స్థితిలో లేదు. రాత మీద ముప్పై అని ఉన్నంతకాలం మిత్రుల ప్రణాళికలు మా ముప్పై మీద ఆధారపడి ఉండేవి. మా అరవై చూసి వాళ్లు ఖాళీని ఇంకోలా పూడ్చుకున్నారు. కోపం వచ్చిందా? వచ్చింది. ఒక సమావేశంలో గట్టిగానే అన్నారు. ఆ తర్వాత మా అంకెలను అనుమానించడం మానేశారు.

మూడేళ్ల చివర తగ్గింది పది శాతం కాదు, సుమారు ఎనిమిది. మిగతా రెండింటిని ఆర్థిక శాఖ వదులుకుంది.

నేను నేర్చుకున్నవి

ఖర్చు శాతాన్నే హామీగా చూడటం వల్ల చాలా పొరపాట్లు జరుగుతాయి. 2014లో వేల్స్ సమావేశంలో నాటో దేశాలు జీడీపీలో 2 శాతం అన్నప్పుడు, అందులో 20 శాతం ప్రధాన ఆయుధ సామగ్రి మీద ఉండాలని కూడా పెట్టుకున్నాయి. డబ్బు దేని మీద పోతోందన్నది కూడా అడగాలని వాళ్లకు తెలుసు కాబట్టే. జీతాలు, పింఛన్లతో కూడా శాతం నిండుతుంది. మిత్రుడికి కావలసింది ఆ రోజు రాత్రి ఎగరగలిగే విమానం.

కోయాలంటే ఒక పనిని మొత్తంగా కోయడం మేలు, అన్ని పనులనూ కొద్దికొద్దిగా కొరకడం కన్నా. మొత్తంగా కోసినప్పుడు ఏం పోయిందో అందరికీ కనిపిస్తుంది, ఎవరో ఒకరు లెక్కలో వేసుకుంటారు. కొరికినప్పుడు ఏం పోయిందో ఆపద వచ్చే దాకా తెలియదు. అయితే మొత్తంగా కోసేది ఏదన్నది రాజధానిలో కూర్చుని తేల్చకూడదు. మనం గొప్పగా చూసేవి, మిత్రులు నమ్ముకున్నవి ఒకటి కాకపోవచ్చు.

మార్చిన హామీ, తప్పిన హామీ ఒకటి కాదని కూడా అప్పుడే అర్థమైంది. 1968లో సూయెజ్ కాలువకు తూర్పున ఉన్న సేనలను వెనక్కి రప్పిస్తామని బ్రిటన్ ప్రకటించింది. మలేసియా, సింగపూర్‌లను అలా వదిలేసి పోలేదు. 1971లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో కలిసి ఐదు దేశాల ఏర్పాటు కుదుర్చుకుంది. రక్షిస్తామన్న పాత మాట స్థానంలో, దాడి జరిగితే లేదా బెదిరింపు వస్తే వెంటనే సంప్రదించుకుంటామన్న చిన్న మాట వచ్చింది. మాట చిన్నదే. ఆ ఏర్పాటు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

ఆ తర్వాత

కొన్నేళ్లకు ఆ ప్రాంతంలో పరిస్థితి మారింది. బడ్జెట్ మళ్లీ పెరిగింది. రేవు గుండా మిత్రదేశాల విన్యాసాల సామగ్రి రెండుసార్లు సాఫీగా దిగింది. ట్యాంకు బెటాలియన్ తిరిగి కావాలన్నారు. మేం రాసిన పేజీ తీశారు. అందులో గడువు ఐదేళ్లు. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవాళ్లు ఏడేళ్లు పట్టేలా ఉందంటున్నారు. సిబ్బందిని నిలుపుకున్నాం, ట్యాంకులు కొనడానికి డబ్బు దొరికింది. ట్యాంకు మెకానిక్కులకు శిక్షణ ఇచ్చే చిన్న పాఠశాల మూడో బ్రిగేడ్ డిపో ఆవరణలో ఉండేది. డిపోతో పాటు అదీ మూతపడింది. ఆ పేజీ రాసేటప్పుడు దాన్ని లెక్కలో వేసుకోవాలని మాకెవరికీ తట్టలేదు.